ఇంటి మనిషికి వాటా ఎంత?

పెద్దింటి చరిత్రలన్నీ ఒకే వంటమనిషి వండినట్టుంటాయి, తిరగమోత కూడా మారదు. తాతగారి శతజయంతికి మనవలు నున్నటి కాగితం మీద అచ్చువేయించే సంచిక ఏదైనా తెరవండి. గుర్రం మీద తాతగారు, చచ్చిన పులి మీద కాలు పెట్టిన తాతగారు, తాలూక్‌దారు పక్క కుర్చీలో తాతగారు వరసగా దాటిపోయాక ఆ వాక్యం ఎదురవుతుంది: "పనివాళ్ళను ఏనాడూ పనివాళ్ళలా చూడలేదు, ఇంటి మనుషుల్లా చూసుకున్నారు." ఎదుటి పేజీలో గ్రూపు ఫొటో ఉంటుంది. కూర్చున్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి వేస్తారు. దొరసాని ఒళ్ళో ఉన్న కుక్కపిల్లకూ పేరుంటుంది. వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ ఇంటి మనిషి దగ్గరికి వచ్చేసరికే అచ్చులో చోటు చాలదు.

ఈ మాట ఎప్పుడు విన్నా చూసుకున్నామనేవాళ్ళ నోటే వింటాం. గొడుగు పట్టుకున్నాయన శతజయంతికి ఎవరూ సంచిక వేయలేదు మరి.

తెలంగాణలో దొరల పాత మేడలకు, అదే గడీలకు, మళ్ళీ మంచిరోజులొచ్చాయి. కొన్ని కూలిపోయాయి, కొన్ని బడులూ సర్కారు ఆఫీసులూ అయ్యాయి. మిగిలినవాటిలో కొన్నిటికి సున్నం కొట్టి, దర్వాజాలకు వార్నిష్ పూసి, పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటల కోసం సిద్ధం చేశారు. పెళ్ళికొడుకు తలపాగా చుట్టి దొరలా మెట్ల మీద కూర్చుంటాడు. పెళ్ళికూతురు దొరసానిలా స్తంభానికి ఆనుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్ళలో ఒక్కరూ వెట్టివాడి వేషం కావాలని అడగరు. వాళ్ళ ముత్తాతల్లో నూటికి తొంభైమంది ఆ దర్వాజా బయట చెప్పులు విడిచి నెత్తిన పట్టుకున్న బాపతే అయివుంటారు. అయినా ఫొటోలోకి మాత్రం అందరూ దొరలుగానే దిగుతారు.

అక్కడే ఓ వారసుడు కెమెరా ముందు చెబుతుంటాడు: "మా గడీలో రోజూ వంద విస్తళ్ళు లేచేవండీ. వచ్చినవాడికి లేదనకుండా పెట్టేవారు." లేచేవి, కాదనను. అయితే ఆ వంటకు కుండలు కుమ్మరి ఊరికే ఇచ్చాడు. కట్టెలు వెట్టివాడు ఊరికే కొట్టాడు. గొల్ల గొర్రెను ఊరికే తోలాడు, గౌడు కల్లు ఊరికే దించాడు. తిన్నవాళ్ళ పంచెలు చాకలి ఊరికే ఉతికాడు. ఊరంతా కలిసి దొరకు అన్నదానం చేస్తే అన్నదాత అన్న పేరు దొరకొచ్చింది!

ఇక అసలైన ఇంటి మనిషి దగ్గరికి వద్దాం. ఆమె పేరు ఆడబాప. దొర తన బిడ్డకు పెళ్ళి చేసి పంపేటప్పుడు నగలూ, పశువులూ, బిందెలతో పాటు ఒక ఆడపిల్లను కూడా అరణంగా పంపేవాడు. దొరసానికి నీళ్ళు తోడాలి, తల దువ్వాలి, కాళ్ళు పిసకాలి, రాత్రి గడప దగ్గర పడుకోవాలి. దొర పిలిస్తే గడప దాటి లోపలికి వెళ్ళాలి. ఈ చివరి పని గురించి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటంపై రాసిన పుస్తకంలో దాపరికం లేకుండానే చెప్పాడు. స్మారక సంచికలు మాత్రం ఆ విషయంలో సిగ్గరులు. వంశవృక్షం బొమ్మ వేస్తారు. పెద్ద భార్య పిల్లలు ఒక కొమ్మ, చిన్న భార్య పిల్లలు ఇంకో కొమ్మ. ఆడబాప కడుపున పుట్టి, దొర ముక్కూ దొర నుదురూ వేసుకుని, దొర పశువుల కొట్టంలో పేడ ఎత్తినవాళ్ళు ఏ కొమ్మకూ కాయలేదు. ఇంటి మనుషులు అన్న మాట అక్షరాలా నిజమైన ఒకే ఒక్క చోట, పాపం, సంచికవాళ్ళకు గుర్తు రాలేదు.

అదే పుస్తకంలో సుందరయ్య ఇచ్చిన లెక్కలున్నాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి 1,50,000 ఎకరాలు. ఈ రెండో అంకె చూసినప్పుడల్లా నాకు ఇంటి మనుషుల మీద అసూయ కలుగుతుంది. అంత భూమి ఉన్న ఇంట్లో ఇంటి మనిషి కావడమంటే మాటలా? వందమంది ఉన్నారనుకున్నా తలకు పదిహేను వందల ఎకరాలు వస్తాయి. భాగం పంచిన కాగితం ఒక్కటీ బయటపడకపోవడానికి చెదలే కారణమనుకుంటాను.

పోనీ భూమి సంగతి వదిలేద్దాం. భూమి కోసం సొంత అన్నదమ్ములే కోర్టుకెక్కుతారు. ఇంట్లో మనిషన్నాక అలుగుతాడు. సంక్రాంతికి వచ్చిన అల్లుడు బైకు కొనలేదని అలుగుతాడు. ఆడబిడ్డ చీర అంచు చిన్నదైందని అలుగుతుంది. మేనమామ తనను ముందుగా పిలవలేదని పెళ్ళి పందిట్లోంచి లేచి వెళ్ళిపోతాడు, పదిమంది వెనక పరుగెత్తి బతిమాలి తెస్తారు. తెలుగింట్లో మనిషి స్థానం ఎంతో తెలియాలంటే అలిగినప్పుడు ఎంతమంది బతిమాలారో చూస్తే చాలు. గడీలో వెట్టివాడు అలగ్గలడా? దొర బండి ముందు పరుగెత్తేవాడు సగం దారిలో కూర్చుని "నాకు మనసు బాగాలేదు, నేను రాను" అంటే, దొర దిగివచ్చి గడ్డం పట్టుకుని బతిమాలిన సంఘటన ఏ ఊరి కథల్లోనూ లేదు. వాడికి నేర్పిన మాట ఒక్కటే: నీ బాంచన్ దొరా, కాల్మొక్త. ఏ అల్లుడూ మామగారితో ఆ మాట అనగా మనం వినలేదు.

అలిగిన మనిషి ఒకామె ఉంది. పాలకుర్తి చాకలి ఐలమ్మ. గడీల మైల బట్టలు ఉతకడానికే పుట్టించారనుకున్న కులంలో పుట్టి, కౌలుకు భూమి తీసుకుని పంట పండించింది. ఆ పంట నాదని విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపాడు. నేను పండించింది నాదేనంది ఆమె. దొరలను ఎదిరించే రైతుల పక్షాన నిలిచిన సంఘం కార్యకర్తలు కాపలా కాసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. అప్పటిదాకా ఇంటి మనిషిలా కనిపించిన చాకలిది ఆ పొద్దుటి నుంచీ గూండాలకూ పోలీసులకూ అప్పగించాల్సిన మనిషైపోయింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆ భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు మహల్. అంత పెద్ద మహల్‌లో ఎంతమంది చాకళ్ళు ఎన్ని దుప్పట్లు ఉతికారో గానీ, గేటు మీద పేరు పడ్డది ఈమెదే. ఈ ఒక్క విషయంలో సర్కారును మెచ్చుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

గడీని దాసి కళ్ళతో చూపించడానికి మన సినిమాకు 1988 దాకా పట్టింది. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’లో అర్చన వేసిన కమలాక్షి పాత్రకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దొర వల్ల కడుపైతే కమలాక్షి దాన్ని తీయించుకోవాలి. ఉంచుకోవాలా వద్దా అని ఆమెను ఎవరూ అడగరు. తీసిన ఆయన స్వయంగా ప్రజ్ఞాపూర్ భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు. లోపలి గదుల సంగతి తెలిసినవాడే కాబట్టి అంత నిక్కచ్చిగా తీశాడు. మిగతా సినిమాల మీద నా ఫిర్యాదు చిన్నదే. కొండపల్లి బొమ్మల్లాంటి దొరలు మీసం మెలేసి ఊరిని కాపాడే సినిమాలు ఏడాదికి అరడజను వస్తాయి. వాటిలో పనివాడికి ఎప్పుడూ ఒకే డైలాగు: "మా అయ్యగారు దేవుడండీ, మమ్మల్ని ఇంటి మనుషుల్లా చూసుకుంటారు." ఇంటర్వెల్ లోపు ఆ అయ్యగారి కోసమే వాడు కత్తికి అడ్డంపడి చస్తాడు. అసలు ఇంటి మనుషులు మాత్రం క్లైమాక్స్ దాకా క్షేమంగా ఉంటారు.

అదంతా పాత కథ అనేవాళ్ళ కోసం ఇవాళ్టి అపార్ట్‌మెంటులో ఇరవయ్యో అంతస్తుకు వెళదాం. లిఫ్టులో వెళదామంటే కుదరదు, పనివాళ్ళ లిఫ్టు వేరే. చెత్త, సిలిండరు, ఇంటి మనిషి ఆ లిఫ్టులో వస్తారు. గేటు దగ్గర ఆమె వచ్చినట్టు అమ్మగారి ఫోన్‌కు యాప్ కబురు పంపుతుంది. వెళ్ళేటప్పుడు వాచ్‌మన్ సంచి తెరిచి చూస్తాడు. యాప్‌లో ఆమె పనికి నక్షత్రాలు కూడా ఇవ్వొచ్చు. ఇంటి మనిషికి నక్షత్రాలిచ్చే పద్ధతి మంచిదే. అత్తగారికీ ఆడబిడ్డకీ కూడా యాప్ వాళ్ళు ఆ సౌకర్యం కల్పిస్తే తెలుగు కోడళ్ళు రుణపడి ఉంటారు. లోపల టీకి స్టీలు గ్లాసు వేరే ఉంటుంది, బాల్కనీలో బోర్లించి. కూర్చోవడానికి సోఫా ఖాళీగానే ఉన్నా నేల చల్లగా ఉంటుందని ఆమె నేల మీదే కూర్చుంటుందని అమ్మగారే నాతో అన్నారు. డిసెంబరులో అన్నారు.

"మా పనమ్మాయి మా ఇంట్లో మనిషేనండీ" అనే అమ్మగారికి 2013 చట్టం గురించి చెప్పాలి. పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను అడ్డుకునే ఆ చట్టం ఇంటి పనిమనిషి ఎవరో నిర్వచించింది. నిర్వచించి, యజమాని కుటుంబ సభ్యులెవరూ ఆ లెక్కలోకి రారని చివర చేర్చింది. చట్టం రాసినవాళ్ళ ఉద్దేశం సవ్యమైనదే. కానీ మన అమ్మగార్ల మాటను మేజిస్ట్రేటు నిజమని నమ్మితే మాత్రం ఆ పిల్ల ఫిర్యాదు కాగితం కూడా చెల్లదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇంటి చాకిరీని పరిశ్రమ లెక్కలోంచే తీసేసింది. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒప్పందానికి మన దేశం చేయెత్తి ఓటేసింది. ఆమోదించి సంతకం పెట్టమంటే ఇప్పటికీ చేయి కదల్లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు వీళ్ళకంటూ ఒక చట్టం కావాలో వద్దో తేల్చడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. కమిటీ సభ్యుల ఇళ్ళల్లో కూడా ఇంటి మనుషులుండే ఉంటారు.

కాబట్టి ఇలా చేద్దాం. వచ్చే శతజయంతి సంచికలో ఆ వాక్యం వేయదలచినవాళ్ళు దాని కిందే మూడు వివరాలు ఇవ్వాలి: గొడుగు పట్టుకున్నాయన పేరు, అతనికిచ్చిన నెలజీతం, తాతగారు పోయినప్పుడు అతను మైల పట్టిన పదకొండు రోజులూ ఎవరు అన్నం పెట్టారన్నది. అపార్ట్‌మెంట్ల వాళ్ళకైతే అంత శ్రమ కూడా అక్కర్లేదు. వారానికో సెలవు, ఏడాదికో పెంపు, జబ్బు చేస్తే కోతలేని జీతం అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఆ అమ్మాయి చేతికిస్తే చాలు. చుట్టరికం సంగతి ఆమెనే అడగండి, కలుపుకోవాలో వద్దో ఆలోచించి చెబుతుంది.