హాకీ అభిమాని వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“ఒరేయ్, ఒక్కడివే పోకు, పక్కనున్నాడు, ఇవ్వు! అదిగో కాలు! కాలు! అంపైరుకి కళ్లు లేవా? రిఫరల్ అడగండ్రా! ఈ టీవీవాడొకడు, బంతిని వదిలేసి మొహాలు చూపిస్తాడు. హమ్మయ్య, ఇచ్చాడు. కొట్టు నాయనా హర్మన్! ఇంకా రెండు నిమిషాలుందా? నావల్ల కాదు, నేను చూడను.”

అవతారిక

భారత హాకీ జట్టు ఒలింపిక్స్‌లోనో ప్రపంచకప్‌లోనో ఆడుతుండగా టీవీ ముందు కూర్చున్న తెలుగు అభిమాని నోట వెలువడే వాక్యమిది. కర్త ఒక్కడని చెప్పడానికి వీల్లేదు. ఒకే సాయంత్రం పలు ఇళ్లలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, కొద్దిపాటి మార్పులతో పుడుతుంది. ఛందస్సు లేదు గాని యతి ఉన్నది. అది ఊపిరి అందనిచోట పడుతుంది. సంబోధ్యులు నాలుగు వర్గాలు: మైదానంలోని ఆటగాళ్లు, అంపైర్లు, ప్రసార దర్శకుడు, చివరగా ఇంట్లోవాళ్లు. వీరిలో మాట వినబడేది ఇంట్లోవాళ్లకే. ఫలాపేక్ష మాత్రం తక్కిన మూడు వర్గాల మీదే.

ప్రతిపదార్థం

ఒరేయ్ = ఇంకా గోల్ కొట్టని ఆటగాడా; ఒక్కడివే పోకు = ముగ్గురు డిఫెండర్ల నడుమకు బంతితో దూరకుము; పక్కనున్నాడు = టీవీలో నాకు కనబడుచున్న మనవాడొకడు కలడు; ఇవ్వు = పాస్ చేయుము; కాలు = ఎదుటి డిఫెండర్ పాదమునకు బంతి తగిలినది, కావున పెనాల్టీ కార్నర్ మనదే; కళ్లు లేవా = నేను చూచినట్లు చూడలేదా; అడగండ్రా = చేతులతో ‘టీ’ గుర్తు చూపుడు; టీవీవాడు = ప్రసార దర్శకుడు; హమ్మయ్య = న్యాయము మిగిలియున్నది; ఇచ్చాడు = కళ్లు లేనివాడని ఇంతకుముందు చెప్పబడిన ఆ అంపైరే ఇచ్చినాడు; నాయనా = గోల్ కొట్టగల ఆటగాడా; నేను చూడను = చూచుచునే యుందును.

వ్యాఖ్య

“ఒక్కడివే పోకు, ఇవ్వు”: ఇది పైకి సలహా, లోపల అర్ధశతాబ్దపు వివాదం. గడ్డి మైదానాల కాలంలో బంతిని కర్రకు అంటిపెట్టుకుని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడం భారత ఆటకు ప్రాణం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. టర్ఫ్ మీద బంతి నేరుగా, వేగంగా పోతుంది; పాస్ చేసిన బంతి పరుగెత్తినవాడికన్నా ముందే గోల్ దగ్గరికి చేరుతుంది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన భారత్ ఆ ఏడు ఏడో స్థానంతో తిరిగివచ్చింది. ‘ఇవ్వు’ అనే అభిమాని టర్ఫ్ సంప్రదాయానికి చెందినవాడు. అయితే పాస్ ఎదుటివాడికి చిక్కిన మరుక్షణం “తనే తీసుకుపోవాల్సింది” అంటాడు. అప్పుడు గడ్డి సంప్రదాయానికి చెందుతాడు. ఒకే నోట రెండు మతాలు పలకడం దోషం కాదా అని పూర్వపక్షం. కాదు, బంతి పోయిన తర్వాత చెప్పిన మాట ఏదైనా సరైనదే అవుతుందని సమాధానం.

“కాలు! కాలు!”: హాకీలో గోల్‌కీపర్ తప్ప ఎవరి శరీరానికీ బంతితో పని లేదు. కర్రలోనూ చదునుగా ఉన్న ఎడమవైపు మాత్రమే బంతిని తాకాలి. గుండ్రటి వెనకవైపు తాకితే ఫౌల్. తగిలిన ప్రతి కాలూ నేరం కాదు. దానివల్ల లాభం కలిగిందా లేదా అని అంపైర్ చూస్తాడు. డిఫెండర్ కాలికి సొంత గోల్ ముందున్న సర్కిల్ లోపల బంతి తగిలి దాడి ఆగిపోతే మాత్రం పెనాల్టీ కార్నర్ ఖాయం. అందుకే సర్కిల్‌లోకి వచ్చిన ఫార్వర్డ్ గోల్ వైపే చూడడు, కాళ్ల వైపూ చూస్తాడు; సందు దొరక్కపోతే బంతిని డిఫెండర్ పాదం మీదికే తోస్తాడు. అలా తోసినవాడు మనవాడైతే అభిమాని దాన్ని ‘తెలివి’ అంటాడు. ఎదుటివాడైతే ‘ఇదేం ఆట?’ అంటాడు. ద్విరుక్తి ఎందుకంటే, మొదటి ‘కాలు’ చూసినదాన్ని చెబుతుంది, రెండోది అంపైర్‌కు గుర్తుచేస్తుంది. స్లోమోషన్‌లో బంతి కర్రకే తగిలిందని తేలినప్పుడు మూడో ‘కాలు’ వినబడదు.

“కళ్లు లేవా? రిఫరల్ అడగండ్రా!”: మైదానంలో అంపైర్లు ఇద్దరు, ఒక్కొక్కరిది ఒక్కో సగం. పెద్ద టోర్నీలలో తెరముందు కూర్చునే వీడియో అంపైర్ అదనం. జట్టుకు రిఫరల్ ఒక్కటే. అడిగింది నిజమని తేలితే నిలుస్తుంది, కాకపోతే పోతుంది. అది 23 మీటర్ల గీతకు లోపల, గోల్, పెనాల్టీ స్ట్రోక్, పెనాల్టీ కార్నర్లకు సంబంధించిన నిర్ణయాలకే పరిమితం. అభిమాని లెక్కలో రిఫరల్‌కు మైదానమంతా చోటే, సంఖ్యకూ పరిమితి లేదు. ఆటగాళ్లు దాన్ని చివరి క్వార్టర్‌కు దాచుకుంటే పిసినారులంటాడు, ముందే వాడేస్తే దుబారా అంటాడు.

అంపైర్ల చూపు గురించి అభిమాని అభిప్రాయం మాత్రం స్థిరమైనది కాదు. 1975 కౌలాలంపూర్ ప్రపంచకప్ ఫైనల్‌లో పాకిస్థాన్‌పై అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు మూలకు తగిలి బయటికి వచ్చింది. లోపలికి పోయి వచ్చిందని అంపైర్ గోల్ ఇచ్చాడు, పాకిస్థాన్ ఒప్పుకోలేదు, భారత్ 2-1తో గెలిచింది. అది ఇప్పటివరకూ పురుషుల జట్టు గెలిచిన ఏకైక ప్రపంచకప్. ఆ అంపైర్ దృష్టిని మన అభిమానులెవరూ నేటికీ శంకించలేదు. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్‌లో పదిహేడో నిమిషాన, బ్రిటన్ ఆటగాడి ముఖానికి కర్ర తగిలిందని మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపారు. పచ్చ కార్డుకు రెండు నిమిషాలు, పసుపుకు కనీసం అయిదు నిమిషాలు బయట కూర్చుంటే సరిపోతుంది. రెడ్ కార్డుకు తిరిగిరావడం ఉండదు. వీడియో చూశాకే శిక్ష పడింది గనుక ‘కళ్లు లేవా’ అన్న వాక్యం ఆ రోజు యంత్రానికీ వర్తించింది. పదిమందితో నలభై నిమిషాలకు పైగా ఆడి 1-1తో నిలిచి, షూటౌట్‌లో భారత్ 4-2తో గెలిచాక ఆ వాక్యం ఉపసంహరింపబడింది.

“ఈ టీవీవాడొకడు”: వాక్యమంతటిలో ఎక్కువ న్యాయమున్న భాగమిదే. హాకీలో ఫ్రీ హిట్ దొరికినవాడు ఎవరికీ ఇవ్వకుండా తనే బంతిని తీసుకుని కదలవచ్చునన్న నియమం 2009లో వచ్చింది. నాటినుంచి ఆట ఆగడం, మొదలవడం ఒకే క్షణంలో జరిగిపోతున్నాయి. ఆ క్షణంలో దర్శకుడు కోచ్ మొహం చూపిస్తే, తిరిగి మైదానానికి వచ్చేసరికి బంతి సర్కిల్‌లో ఉంటుంది. అది అక్కడికెలా వెళ్లిందో కామెంటేటర్ చెప్పడు. అతడు ఆటగాడి సొంతూరి గురించి చెబుతుంటాడు.

ప్రసారం కోసం ఆట తన రూపాన్నే మార్చుకున్న మాట నిజం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో టర్ఫ్‌కు నీలం రంగు, బంతికి పసుపు రంగు వేసింది ప్రేక్షకుడికి స్పష్టంగా కనబడాలనే. బంతి స్పష్టంగానే కనబడింది. పన్నెండు జట్లలో భారత్ పన్నెండోదిగా నిలవడమూ అంతే స్పష్టంగా కనబడింది. ముప్ఫై అయిదేసి నిమిషాల రెండు సగాలు పోయి పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాయి. పెనాల్టీ కార్నర్ ఇచ్చాక నలభై సెకన్లు గడియారం ఆగుతుంది; రీప్లేలకు ఉద్దేశించిన చోటు అదే. దర్శకుడు ఆ నలభై సెకన్లూ గ్యాలరీలో జెండాలు ఊపేవాళ్లకిచ్చి, రీప్లేను ఆట నడిచేటప్పుడు వేస్తాడని అభిమాని ఆరోపణ.

చారిత్రకంగా ఈ కోపానికి మరో మూలం కూడా ఉన్నది. 1975 ఫైనల్‌ను దేశం ఆకాశవాణిలో వ్యాఖ్యాత జస్‌దేవ్ సింగ్ గొంతులో విన్నది. రేడియోలో బంతి ఏనాడూ తెరదాటి పోలేదు. రంగుల టీవీ దేశంలోకి వచ్చింది 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల వేళ. అలా రంగుల్లో చూసిన తొలి పెద్ద ఫైనల్‌లో భారత్ పాకిస్థాన్ చేతిలో 1-7తో ఓడిపోయింది. టీవీకీ హాకీ అభిమానికీ తొలి పరిచయమే ఇలా జరిగింది గనుక తర్వాతి సంబంధం సజావుగా లేకపోవడంలో వింత లేదు.

“కొట్టు నాయనా హర్మన్!”: పెనాల్టీ కార్నర్‌లో గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు డిఫెండర్లు గోల్ గీత వెనక నిలబడతారు, మిగతావాళ్లు సగం గీత అవతలికి పోవాలి. ఒకడు వెనక గీత నుంచి బంతిని తోస్తాడు, ఒకడు సర్కిల్ బయట ఆపుతాడు, ఒకడు లోపలికి లాగి విసురుతాడు. తొలి షాట్‌ను కొడితే 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు. విసిరితే ఎత్తుకు ఆ కట్టుబాటు లేదు. డ్రాగ్‌ఫ్లిక్ అనే విద్య ఈ తేడాలోంచే పుట్టింది. పారిస్‌లో పది గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచిన హర్మన్‌ప్రీత్ సింగ్ ఈ విద్యలో ఆరితేరినవాడు.

అన్వయంలో చిన్న చిక్కున్నది. బంతి తోయడం నుంచి గోల్ దాకా జరిగేది రెండు సెకన్ల పని. ప్రసారం ఇల్లు చేరడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి ‘కొట్టు’ అనే విధ్యర్థకం జరిగిపోయిన పనికి చెప్పినది. ఫోనులో చూసేవాడికి ఇంకా ఆలస్యం. పక్కింటి నుంచి “గోల్!” అన్న కేక వచ్చాక కూడా అతడు ‘కొట్టు’ అని ప్రార్థిస్తూనే ఉంటాడు. ఫలితం తెలిశాక చేసే ప్రార్థన వ్యర్థం కాదా అంటే, పక్కింటివాడి మాటకు రిఫరల్ లేదు గనుక నమ్మనక్కర్లేదని సమాధానం.

పాఠాంతరాలు: ‘హర్మన్’ అన్నచోట కనబడే పేరునుబట్టి పలికినవాడి తరాన్ని నిర్ణయించవచ్చు. ‘రూపిందర్’, ‘రఘునాథ్’, ‘సందీప్’ అన్నవి వరుసగా వెనక్కి తీసుకుపోతాయి. ‘పృథిపాల్’ అని పలికినవాడు 1960 రోమ్, 1964 టోక్యో, 1968 మెక్సికో క్రీడల నాటివాడు. అలా పలికినవాడు పెనాల్టీ కార్నర్ అని కూడా అనడు, ‘షార్ట్ కార్నర్’ అంటాడు. ‘జుగ్‌రాజ్’ అన్న పాఠం కాలనిర్ణయానికి పనికిరాదు. 2003లో కారు ప్రమాదంతో ఆట ముగిసిన జుగ్‌రాజ్ సింగ్ ఒకరు, ఇప్పటి జట్టులో డ్రాగ్‌ఫ్లిక్ చేసే జుగ్‌రాజ్ సింగ్ మరొకరు. పెనాల్టీ కార్నర్ వృథా అయితే పేరు, ‘నాయనా’ రెండూ లోపించి ‘వీణ్నెవడు పెట్టాడు?’ అన్న పాఠం అన్ని ప్రతులలోనూ ఏకరీతిగా కనబడుతుంది.

“ఇంకా రెండు నిమిషాలుందా?”: ఇది సమయం అడగడం కాదు. గడియారం తెరమీదే ఉన్నది. ఈ ప్రశ్నకు ఆధారం 2000 సిడ్నీ ఒలింపిక్స్. పోలండ్‌పై గెలిస్తే సెమీఫైనల్. భారత్ 1-0 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేనప్పుడు పోలండ్ స్కోరు సమం చేసింది, సెమీస్ చేజారింది. 2016 రియోలో జర్మనీతో మ్యాచ్ 1-1 వద్ద ఉండగా, మూడు సెకన్లు మిగిలుండగా జర్మనీ గోల్ కొట్టింది. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో మలేసియా యాభై తొమ్మిదో నిమిషంలో 2-2 చేసి, షూటౌట్‌లో 7-6తో గెలిచింది. ఇన్ని చూసినవాడికి 58వ నిమిషంలో నాడి పెరగడం అనుభవంవల్ల వచ్చిన గుణం.

అయితే చివరి నిమిషం ఇచ్చిన వరాలూ ఉన్నాయి. పారిస్‌లో న్యూజిలాండ్‌పై గెలుపు గోల్, అర్జెంటీనాపై సమం చేసిన గోల్ రెండూ యాభై తొమ్మిదో నిమిషంలోనే హర్మన్‌ప్రీత్ కొట్టాడు. 2021 ఆగస్టు 5న టోక్యో ఒలింపిక్స్ కాంస్య పోరులో 1-3 నుంచి 5-4కు ఎగబాకిన భారత్‌పై, 6.8 సెకన్లు మిగిలుండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దక్కింది. గోల్‌కీపర్ శ్రీజేశ్ దాన్ని అడ్డుకున్నాడు. 1980 మాస్కో స్వర్ణం తర్వాత నలభై ఒక్క ఏళ్లకు పతకం వచ్చింది. అభిమాని ఈ వరాలను అదృష్టపు ఖాతాలో, పోగొట్టుకున్నవాటిని రివాజు ఖాతాలో రాస్తాడు.

“నేను చూడను”: ఈ ప్రతిజ్ఞ చేసినవాడు గది వదిలి గుమ్మం దాకా మాత్రమే వెళతాడు. గుమ్మం నుంచి తెర కనబడుతుంది. తాను చూస్తే జట్టు ఓడుతుందన్న నమ్మకం దీనికి హేతువు. చూడకుండా ఉన్నప్పుడు కూడా ఓడింది కదా అంటే, అప్పుడు ఇంట్లో ఇంకెవరో చూసి ఉంటారని సిద్ధాంతం.

రసం

స్థాయి భయం. కాబట్టి రసం భయానకం. అంపైర్ విషయంలో అమర్షం, పాస్ తప్పినప్పుడు విషాదం, రిఫరల్ ఫలితం వచ్చేదాకా శంక, ‘హమ్మయ్య’ దగ్గర హర్షం సంచారులు. లేచి నిలబడటం, రిమోట్ గట్టిగా పట్టుకోవడం, అన్నం కలిపిన చెయ్యి ఎండిపోవడం అనుభావాలు. గెలిచినప్పుడు అద్భుతంగా పర్యవసిస్తుంది. ఓడినప్పుడు కరుణలోకి పోక, సెలెక్షన్ కమిటీ మీద రౌద్రంగా మారుతుంది.

తాత్పర్యం

ఓ ఆటగాడా, పాస్ ఇవ్వు. ఓ అంపైర్, న్యాయం చెప్పు. ఓ దర్శకుడా, బంతిని చూపించు. ఓ కాలమా, త్వరగా ముగిసిపో. ఈ నాలుగు కోరికలలో మొదటి మూడింటికి నియమగ్రంథం, నాలుగోదానికి చరిత్ర ఆధారం. అభిమాని సొంతంగా చేర్చింది పక్షపాతం ఒక్కటే. అది తీసివేస్తే మిగిలేది కామెంటరీ. దాన్ని చెప్పడానికి వేరే మనిషి ఉన్నాడు.