స్టీలుగ్లాసు పర్వం

మా హాలులోని సీలింగు ఫ్యానుకు ముందుగా నమస్కారం. మూడు రెక్కలతో, నాలుగో నంబరు మీద కిర్రుకిర్రుమంటూ, సమస్త గుసగుసలనూ తన కడుపులో దాచుకునే చల్లని తల్లి. ఇష్టదేవతా స్తుతి తర్వాత కుకవి నింద ఆచారం కనక, చెవుల్లో బడ్స్ పెట్టుకుని, అవి ఫోనుతో కలవలేదని తెలియక హాలంతటికీ రీల్స్ వినిపించే ఆర్టికల్ కుర్రాణ్ణి నిందించి కథలోకి వస్తున్నాను.

బెజవాడ గవర్నరుపేటలో, జిరాక్సు షాపు పైన రెండో అంతస్తున మా ఆడిట్ ఆఫీసనే మహానగరం. బాక్సు ఫైళ్ళు దాని ప్రాకారాలు. వాటర్ కూలర్ కింద ఏనాడూ ఇంకని మడుగు దాని అగడ్త. కాలం సెప్టెంబరు, అంటే 30వ తేదీలోగా టాక్స్ ఆడిట్ రిపోర్టులు ఎక్కించాల్సిన, కాళిదాసు ఎరగని ఏడో రుతువు.

ఆ నగరాన పెద్ద అకౌంటెంటు గారు మహారథి. ఆయన ఫోను మామూలుదే, స్పీకరు ఆవగింజంత. బలమంతా గ్లాసుది. టీ తాగి కడిగిన స్టీలు గ్లాసును ఓచర్ల కట్ట పక్కన నిలబెట్టి, స్పీకరు అడుగుకు వచ్చేట్టు ఫోనును అందులోకి దించుతారు. అడుగున పుట్టిన నాదం గోడలకు గుద్దుకుని, పైకి ఎగబాకి, పాంచజన్యమై లేస్తుంది. అంచున మిగిలిన నీటిబొట్టు తబలా దెబ్బ పడ్డప్పుడల్లా వణుకుతుంది, జారదు.

ఉదయం పదింటికి ఘంటసాల భగవద్గీత. ఆ మహానుభావుడు 1974లో వెళ్ళిపోయినా, ఆయన గీత లేనిదే మన వైపు వైకుంఠరథం కదలదు కదా! మెట్లెక్కుతున్న పార్టీ ఒకాయన సగంలోనే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "ఎవరండీ పోయింది?" అన్నాడు.

ప్రతిపక్షాన టైపిస్టు మేడం. ఆవిడ స్టాప్లర్ కొడితే ఒక్క పిన్నుకు మూడు దెబ్బలు. డ్రాయరు మూస్తే ప్రళయం. నిట్టూర్పు సంగతి చెప్పనక్కర్లేదు, నా టేబులు మీది రసీదులు ఎగురుతాయి. అయినా "కాస్త సౌండ్ తగ్గించండి సార్" అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అది బ్రహ్మాస్త్రం. వదిలితే వెనక్కి రాదు. మర్నాడు లీవు పెడితే పని సర్దేదెవరు? కొడుకు ఫీజుకు చేబదులు ఇచ్చేదెవరు? అందుకని మా యుద్ధం ఆసాంతం చిల్లర ఆయుధాలతోనే. గాజు తలుపు గదిలో సార్ ధృతరాష్ట్రుడు. ఆయనకు చూపు బాగానే ఉంది, లేనిది వినికిడే.

కుర్రాడు ఓ రోజు ధర్మశాస్త్రం తెచ్చాడు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగటి హద్దు 65 డెసిబెళ్ళు. అది ఊరి వాతావరణానికే గానీ మా టేబుళ్ళకు కాదని అందరికీ తెలుసు. అయినా ఫోనులో యాప్ తెరిచి గ్లాసు దగ్గర పెట్టాడు: 63. స్టాప్లర్ దగ్గర పెట్టాడు: 73. పది పెరిగితే శబ్దశక్తి పదింతలని లెక్క కూడా వినిపించాడు. అలా ఘంటసాల నిర్దోషిగా విడుదలయ్యారు. మేడం కుర్రాడి వైపు చూసిన చూపుకు డెసిబెళ్ళలో కొలత లేదు.

ఆ మధ్యాహ్నం ఇళయరాజా వంతు. పాట రెండో చరణం సగంలో ఉండగా ఫోను మోగింది, పర్సనల్ లోను కావాలా అని. పాట టప్పున తెగింది. ఆయన గ్లాసులోంచి ఫోను లాగి, "వద్దమ్మా, ఉన్నవే చాలు" అంటూ వరండాలోకి నడిచారు. హాలులో ఫ్యాను కిర్రు ఒక్కటే మిగిలింది.

అంతలో, తెగిన చోటి నుంచే, పెదవి విప్పకుండా, శ్రుతి తప్పకుండా ఎవరో చరణం అందుకున్నారు. తల తిప్పి చూశాను. మేడం కళ్ళు స్క్రీను మీద ఉన్నాయి. పైకెత్తిన స్టాప్లర్ చరణం పూర్తయ్యేదాకా కిందికి దిగలేదు.