కొనుక్కున్న ముడతలు

బానెట్ ఎత్తి లోపల చూసేవాళ్లు లోకంలో ముగ్గురే: మెకానిక్కు, బండి కొనడానికొచ్చి బేరమాడేవాడు, ఎలుక. మెకానిక్కుకు అందంతో పనిలేదు. బేరగాడికి అందం కనబడినా బయటపడడు, పడితే ధర పెరుగుతుందని భయం. ఎలుకకైతే బానెట్ ఎత్తే శ్రమ కూడా లేదు, దాని అభిరుచంతా వైర్ల మీదే. ఈ ముగ్గురి మెప్పు కోసం ఇంజను మూతకు రంగు వెయ్యడమేమిటి, అదీ సముద్రాలు దాటొచ్చిన రంగు, అదీ ఆరాక ముడతలు పడే రంగు అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే జవాబు చెప్పకుండా గ్యారేజీలోకి వెళ్లిపోయాను.

మాది పాత పెట్రోలు అంబాసిడరు. 1489 సీసీ ఇంజను. దీని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి బీఎంసీ కంపెనీ బి సిరీస్ పేరుతో తయారుచేసిన ఇంజను ఇది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ. అన్నగారు రేసుల్లోకి వెళ్తే, తమ్ముడు బెంగాల్లోని ఉత్తర్‌పారాలో దిగి, తెల్ల రంగు వేయించుకుని, కలెక్టరాఫీసు చెట్టు కింద సార్ కోసం కాచుకుని నిలబడ్డాడు. 2014లో అక్కడ కార్ల తయారీ ఆగిపోయేదాకా ఉద్యోగం మానలేదు.

ఆ ఇంజను నెత్తిన పొడుగాటి రేకు మూత ఒకటుంటుంది. మా విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని ట్యాపెట్ కవరంటారు. పైన రెండు నట్లు, ఒక చివర ఆయిలు పోసే మూత, అంచు కింద కార్కు ప్యాకింగు. అంతే దాని ఆస్తి. దాని కింద రాకర్లు టకటకమని రోజంతా చాడీలు చెప్పుకుంటూ ఉంటాయి. మా బండి కవరు మీద ఎన్ని రంగులున్నాయో గీరితేగాని తెలియలేదు. పైన వెండి రంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఒక ఎరుపు. ప్రతి యజమానీ తన హయాంలో ఒక పూత వేయించి, అవతలివాడికి అంటగట్టాడన్నమాట.

1956లో ఫెరారీ వాళ్లు ఇంజను మీది కవర్లకు ఎర్ర రంగేసి, ఆ ఎర్ర తల పేరే కారుకు పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు వాళ్ల కార్ల ఇంజన్ల మీద కనిపించిన ఎరుపు నున్నటి ఎరుపు కాదు. ముట్టుకుంటే గరుగ్గా, చూస్తే సన్నసన్న ముడతలతో, మెరవకుండా దర్జాగా ఉండే ఎరుపు. రింకిల్ ఫినిష్ అంటారు. నా కన్ను దాని మీద పడింది. ఫెరారీ కొనే తాహతు లేనివాడు ఫెరారీ ముడతలైనా కొనుక్కోవచ్చు కదా.

ఈ ముడతల్లో ఉన్న కిటుకు చిన్నదే. గాలి తగిలితే గట్టిపడే నూనెలు కొన్నున్నాయి. చైనా నుంచి వచ్చే టంగ్ నూనె వాటిలో ముఖ్యమైనది. రంగులో ఆ నూనె కలిపి, పైపొర త్వరగా ఆరడానికి కోబాల్టు మందు వేస్తారు. పూత దళసరిగా పడితే పైన తోలు కట్టేస్తుంది, అడుగున ఇంకా పచ్చిగానే ఉంటుంది. తోలు ఉబ్బుతుంది, సాగుతుంది, పక్కకు జరగడానికి చోటు లేక ముడుచుకుంటుంది. కాచిన పాల మీద మీగడ కట్టాక గిన్నె అంచున నోరుపెట్టి ఊదండి, అర్థమైపోతుంది. ఇప్పటి డబ్బాల్లో పదార్థాలు మారి ఉండొచ్చుగాని, పైవాడు తొందరపడి కిందివాడు వెనకబడితే ముడతే అన్న సూత్రం మారలేదు.

అసలు తమాషా ఏమిటంటే ఈ రంగు సోమరితనంలోంచి పుట్టింది. పోత పోసిన లోహం గరుగ్గా ఉంటుంది, గుంటలుంటాయి, గీతలుంటాయి. వాటిని నున్న చెయ్యాలంటే లప్పం పెట్టాలి, రుద్దాలి, మళ్లీ పెట్టాలి. అంత కూలి ఎవడిస్తాడు? ముడతల రంగు కొట్టేస్తే లోపాలన్నీ ముడతల్లో కలిసిపోతాయి. వేలిముద్రలు పడవు, దీపం వెలుగు కళ్లలో కొట్టదు. అందుకే ఒకప్పుడు టైప్‌రైటర్లకీ, రేడియోలకీ, కెమెరాలకీ, కొలతల యంత్రాలకీ అదే తొడిగారు. పాత తాలూకాఫీసు టైప్‌రైటరు వీపు మీద చెయ్యి వేసినవాళ్లకి ఆ నల్లటి గరుకు గుర్తుండే ఉంటుంది. గిరాకీ ఎంత ఉండేదంటే, అమెరికాలో న్యూ రింకిల్ అనే కంపెనీ పేటెంట్లన్నీ గుప్పిట్లో పెట్టుకుని, రంగులు చేసే కంపెనీలకు లైసెన్సులిచ్చి, ఇంతకంటే తక్కువకు అమ్మకూడదని షరతు పెట్టింది. ప్రభుత్వం దావా వేసింది. 1952లో వ్యవహారం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేటెంటు చేతిలో ఉందని చెప్పి పోటీదారులందరినీ ఒకే ధరకు కట్టెయ్యడం కుదరదని కోర్టు తేల్చింది. ముఖం మీది ముడతల గురించి కూడా ఇంత పెద్ద బెంచి కూర్చుని ఉండదు.

ఇంత చరిత్ర చదివాక డబ్బా తెప్పించి, దాన్ని పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. అక్కడ మాకు తెలిసిన పెయింటరు బాబాయ్ ఒకాయన ఉన్నాడు. చెయ్యి పెట్టాడంటే డోరు అద్దమే. ఆయనకి ఫోటో చూపించాను. కళ్లజోడు పైకీ కిందకీ జరిపి చూశాడు.

"రంగు లేచిపోయింది కదండీ. ఎవరు కొట్టారు దీన్ని? థిన్నరు తేడా చేసుంటాడు."

"లేవలేదు బాబాయ్, అలాగే రావాలి."

"అలాగే రావాలా?"

"అవును, ముడతలు పడాలి. పడకపోతే చెడిపోయినట్టు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా గురువుగారి దగ్గర ఇట్టా ఒక్క ముడత లేస్తే స్క్రేపరు తిరగేసి మెటికల మీద కొట్టేవాడండి. ఆ దెబ్బలు తినే పని నేర్చుకున్నాం. ఇప్పుడు మీరొచ్చి డబ్బులిచ్చి ముడతలు వెయ్యమంటే, ఆ దెబ్బలన్నీ దేనికి తిన్నట్టు?" అన్నాడు. రంగు మాత్రం తను కొట్టనని, కావాలంటే కవరు శుభ్రం చేసి ఇస్తానని మధ్యేమార్గం చెప్పాడు.

పని మొత్తంలో బండచాకిరీ ఎక్కడుందంటే ఆ శుభ్రంలోనే ఉంది. ట్యాపెట్ కవరు లోపల ఏళ్ల తరబడి మాడిన ఆయిలు నల్లటి జిగురై పేరుకుని ఉంటుంది. గోకితే వస్తుందిగాని గోకినవాణ్ని వదలదు. ముందు డీజిల్లో నానబెట్టి బ్రష్షుతో తోమాలి. తర్వాత సబ్బునీళ్లతో ఆ డీజిలు పోయేదాకా తోమాలి. ఆపైన పెయింట్ రిమూవరు పూసి దూరంగా నిలబడాలి. అది చేతికి తగిలితే రంగు కంటే ముందు మన తోలు ఊడేట్టుంటుంది. వెండి, ఆకుపచ్చ, ఎరుపు ఒకదాని వెనక ఒకటి బుడగలై లేచాయి. పాత యజమానుల అభిరుచులన్నీ వైరు బ్రష్షు కింద పేస్టైపోయాయి.

ఇసుక బ్లాస్టింగు చేయిస్తే అరగంటలో తేలిపోతుందని పక్క షెడ్డు కుర్రాడు సలహా ఇచ్చాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం వింటే ఎవరూ ఒప్పుకోరు. ఇలాంటి మూతల్లో కొన్నిటికి లోపల గాలిగొట్టం కింద అడ్డురేకు ఉంటుంది. దాని సందులో నాలుగు రేణువులు దాక్కున్నా చాలు, బండి స్టార్టు చేశాక ఆయిల్లో కలిసి నేరుగా బేరింగుల దాకా వెళ్తాయి. పైన రంగు బ్రహ్మాండంగా ఉంటుంది, కింద ఇంజను బోరుకొస్తుంది.

కాబట్టి ఎమ్రీ కాగితమే గతి. ముందు ముతకది, తర్వాత సన్నది. అంచుల్లో, నట్టు రంధ్రాల చుట్టూ, ఆయిలు మూత మెడ దగ్గర వేలికి చుట్టుకుని రుద్దాలి. ఉత్త రేకు బయటపడ్డాక దాన్ని వదిలేసి భోజనానికి వెళ్లే వీల్లేదు. కృష్ణ ఒడ్డు తేమకి సాయంత్రానికల్లా తుప్పు సన్నగా పసుపు రాసినట్టు పైకొచ్చేస్తుంది. థిన్నరు గుడ్డతో తుడిచి, చేతి చెమట కూడా తగలనీయకుండా వేడికి తట్టుకునే ప్రైమరు వెంటనే కొట్టాలి. అంతకుముందే ప్యాకింగు కూర్చునే అంచుకి మాస్కింగు టేపు అంటించాలి. అక్కడ రంగు ముద్దకట్టిందా, ప్యాకింగు సరిగా కూర్చోదు, ఆయిలు చెమర్చడం మొదలెడుతుంది. లోపాల్ని దాచడానికి పుట్టిన రంగు కింద ఇంత నున్నటి పని ఎందుకని మీరడగొచ్చు. గుంటల్నైతే అది దాస్తుందిగాని, జిడ్డునూ తుప్పునూ దాచదు. రేకును వదిలేసి ఊడొచ్చేస్తుంది.

రంగు కొట్టే పని మా ఇంటి డాబా మీద, నా చేత్తో. మామూలు రంగుకి పెద్దలు చెప్పిన నీతులన్నీ ఇక్కడ తలకిందులు. పల్చగా కొట్టకూడదు, దట్టంగా కొట్టాలి. పూత ఆరాక రెండోది వెయ్యడం కాదు, అయిదు నిమిషాల్లో పచ్చిమీదే వెయ్యాలి. ఒక పూత అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది ఐమూలగా అని డబ్బా మీద రాసుంది. అలా దిక్కులు మార్చకపోతే ముడతలన్నీ ఒకేవైపు తిరిగి చారలు కడతాయి. దట్టం మరీ ఎక్కువైతే అంచున జారుతుంది, తక్కువైతే ముడత పడకుండా నున్నగా, చవగ్గా మిగిలిపోతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న సందు ఎంతో డబ్బా మీద రాయలేదు.

మూడు పూతలయ్యాక కవరు తడిగా, నిగనిగలాడుతూ, లడ్డూ మీద పాకంలా ఉంది. ముడత జాడ లేదు. ఇప్పుడు వేడి తగలాలి. వేడి తగిలితే ముడతలు త్వరగా, సమంగా వస్తాయి. అమెరికాలో వంటింటి ఓవెనులో పెడతారని చదివి, మా ఇంట్లో కేకులు చేసే ఓటీజీ వైపు ఒకసారి చూశాను. చూడటమే. "దాంట్లో ఇంజను వండితే, రేపట్నుంచి మీరు తినేదీ ఇంజనే" అని వంటింట్లోంచి తీర్పు వినబడింది. నిజానికి ఆవిడన్నదే సబబు. రంగు పొగ ఎక్కిన ఓవెనులో మళ్లీ తిండి వండకూడదు.

అయినా బెజవాడలో ఉంటూ, రోహిణి కార్తెలో, ఓవెను కోసం వెతుక్కోవడం ఈ ఊరి ఎండను అవమానించడమే. డాబా గచ్చు మీద కాలు పెడితే బొబ్బలెక్కే సమయం. ఇనుప స్టూలు మీద కవరు పెట్టి, దుమ్ము పడకుండా అట్టపెట్టె అడ్డుపెట్టి, నేను మెట్ల గది నీడలోకి చేరాను. ముందు ఒక మూల మెరుపు తగ్గింది. ఆ మూల నుంచి సన్నటి గీతలు పాకడం మొదలెట్టాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, కలుస్తూ, విడిపోతూ. ఆయిలు మూత మెడ చుట్టూ తిరిగి, నట్టు రంధ్రం దగ్గర కాసేపు ఆగి, అవతలి చివరకు చేరుకున్నాయి. రంగు ఆరడాన్ని ఇంత ఆసక్తిగా చూసినవాడు ఉండడని మా అబ్బాయి అన్నాడు. అన్నవాడు కూడా నా పక్కనే నిలబడి చూస్తున్నాడు.

డబ్బా ప్రకారం ఈ రంగు దాదాపు 175 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని తట్టుకుంటుంది. ట్యాపెట్ కవరుకు అది చాలు. సైలెన్సరు గొట్టానికి పూస్తే మాత్రం మాడిపోతుంది. పూర్తిగా గట్టిపడ్డాక కొత్త కార్కు ప్యాకింగు వేసి బిగించాం. నట్లు మెత్తగానే బిగించాలి. బలం చూపిస్తే రేకు వంగుతుంది, కార్కు నలుగుతుంది, ఎక్కడ కారకూడదో అక్కడే కారుతుంది.

బండి తీసుకుని పెయింటరు బాబాయ్ దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తాను. ఆయన ముందు వంగి చూశాడు, తర్వాత వేలితో నిమిరాడు, ఆ తర్వాత గోటితో గీరబోయి నా మొహం చూసి మానేశాడు.

"ఇక్కడో సొట్ట ఉండాలి కదండీ, శుభ్రం చేసేటప్పుడు చూశాను."

"ఉంది బాబాయ్. కనబడదు."

"లప్పం పెట్టలేదా?"

"లేదు."

ఆయన లేచి నిలబడి, షెడ్డులో డోర్లు ఊడదీసి పెట్టిన ఇంకో అంబాసిడరు వైపు చూశాడు. దాని ఒంటినిండా లప్పమే, బూడిదరంగు మచ్చలతో ఎండుతోంది. ఇద్దరు కుర్రాళ్లు నీళ్లు పోసి రుద్దుతున్నారు. ఆయన కళ్లలో ఒక లెక్క నడుస్తోందని తెలిసిపోయింది. పేటెంట్లు పట్టుకున్న ఆ అమెరికా కంపెనీ వాళ్ల కళ్లలోనూ ఇదే లెక్క నడిచి ఉంటుంది.

"డబ్బా ఎంతండీ?"

చెప్పాను.

"ఒక డబ్బా ఈ కవరుకే అయిపోయిందా?"

"ఇంకొంచెం మిగిలింది."

డోర్లు నాలుగు, డిక్కీ, బానెట్, టాపు, మడ్‌గార్డులు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయి, మడ్‌గార్డుల దగ్గర ఆగి, లెక్క చెరిపేసినట్టు చెయ్యి విదిల్చాడు.

"రుద్దండ్రా" అన్నాడు కుర్రాళ్లతో.