ఏసు పేరిట టిప్పు

అమెరికాలో కార్డు గీకి పుణ్యం కొనుక్కోవచ్చు. నచ్చకపోతే వాపసు.

2022లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఒక పెద్దమనిషి 13 డాలర్ల పాతిక సెంట్ల స్ట్రాంబోలీ (పిజ్జా చుట్ట లాంటిది) తిని, 3,000 డాలర్ల టిప్పు రాసి, బిల్లు మీద ఏసు పేరు కూడా తగిలించాడు. కార్డు చెల్లిందని చూసుకుని హోటలువాళ్ళు వడ్డించినామె చేతిలో ఆ డబ్బు పెట్టేశారు. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ తర్వాత దాతగారు ఆ చార్జీ తాను ఒప్పుకోనని కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టారు! హోటలు కోర్టుకెక్కింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చేశాడు, భక్తుడే లాక్కోబోయాడు. కర్ణుడి కాలంలో కార్డుల్లేవు గానీ, ఉంటే కవచకుండలాలు మర్నాటికల్లా ఇంటికొచ్చేవి.

దాత మాట మీద నిలబడ్డా గొడవ తప్పదు. 2024లో మిషిగన్‌లోని బెంటన్ హార్బర్‌లో ఒకాయన, పోయిన స్నేహితుడి జ్ఞాపకార్థం, 32 డాలర్ల బిల్లు మీద 10,000 ఇచ్చాడు. తొమ్మిదిమంది పంచుకున్నారు. కొద్దిరోజులకే ఆయనకు వడ్డించినామె ఉద్యోగం పోయింది. టిప్పుకూ దానికీ సంబంధం లేదన్నారు యజమానులు. సరే, లేదనే అనుకుందాం.

మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌లో హోటల్లో వడ్డించే ఇంకో ఆమెకు, ఉంచుకోమని ఒకరు వదిలేసిన డబ్బాలో 12,000 డాలర్ల నోట్లు దొరికాయి. నిజాయితీగా పోలీసులకు చెప్పింది. అదే ఆమె చేసిన నేరం. నోట్లకు గంజాయి వాసన ఉందని వాళ్ళు ఉంచేసుకున్నారు. ఆమె దావా వేశాక, 2012లో, వాసన పోయినట్టుంది, తిరిగిచ్చారు.

టిప్పు మీద ఇంతమందికి హక్కుంది. జీతం మీద మాత్రం ఎవరూ నోరెత్తరు. టిప్పులొచ్చే పనివాళ్ళకు యజమాని జేబులోంచి తీయాల్సింది, ఫెడరల్ చట్టం ప్రకారం, గంటకు 2.13 డాలర్లు. ఆ అంకె 1991 నుంచీ కదల్లేదు. టిప్పులు కలిపినా కనీస వేతనం 7.25కి చేరకపోతేనే ఆ లోటు ఆయన పూడ్చాలి. పెన్సిల్వేనియా కాస్త ఉదారం, 2.83. అంటే ఆ స్ట్రాంబోలీ ఒక్కటి కొనుక్కోవాలంటే, యజమాని ఇచ్చే డబ్బుతో, అది వడ్డించినామె నాలుగున్నర గంటలకు పైగా పళ్ళేలు మోయాలి. తక్కిన జీతం ఇచ్చే బాధ్యత పక్క బల్ల దగ్గర తింటున్నవాడి మంచి మనసుది.

2025లో కాంగ్రెసు వారి గుండె కరిగింది. ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పుల మీద ఆదాయపు పన్ను మినహాయించారు. 2.13 జోలికి మాత్రం పోలేదు. పన్నయితే ఖజానా సొమ్ము. జీతం హోటలు యజమానులది కదా!