నొప్పి పోయింది, ఇక సెలవు!

దగ్గర్లోనే తిరువాలంగాడులో సహకార చక్కెర మిల్లు పెట్టుకున్న ప్రాంతం మాది. కనకమ్మ సత్రంలో చెరకు గడను పళ్ళతో ఒలవడం పౌరుషం. పిప్పిపన్నుతో ఒలిస్తే పరమవీరచక్రమే.

మన శూరుడు రాత్రంతా దవడ పట్టుకుని దొర్లుతాడు. తెల్లారగానే తిరువళ్ళూరు బస్సెక్కుతాడు. డాక్టరు కుళ్ళిన గుజ్జు తీసి, పన్ను వేళ్ళ లోపల శుభ్రం చేసి, గట్టపర్చా అనే రబ్బరులాంటి పదార్థం నింపి, రూట్ కెనాల్ పూర్తిచేసి, "వచ్చే వారం రండి, క్యాప్ వేద్దాం" అంటాడు. ఆ వారం ఇంతవరకూ రాలేదు. నొప్పితోపాటు డాక్టరు కూడా నయమైపోయాడు మరి. ఫోను కొన్న గంటలో దానికి గ్లాసూ పౌచీ వేయించినవాడే ఈయన.

ఓ పూట మురుకు కొరికాడు. ఫట్! పన్ను నిలువునా రెండు. చీలిక వేరులోకి దిగింది కాబట్టి పీకడమే. ఇక టీకొట్టు తీర్పు: "నరం తీసేస్తే పన్ను ఎండుకట్టె అయిపోతాదబ్బా!" పాపం నరం, చచ్చినా నింద తప్పలేదు.

కానీ 1989లో రీహ్, మెస్సర్, డగ్లస్ అనే పరిశోధకులు, పీకిన చిన్న దవడ పళ్ళ మీద ఒత్తిడి పెట్టి కొలిచారు. రూట్ కెనాల్ వల్ల పన్ను బిగువు తగ్గింది 5 శాతమే. ముందూ వెనకా అంచులు తెగేలా తవ్విన గుంత వల్ల తగ్గింది 63 శాతం. పన్నును తిన్నది పుచ్చు, ఆపైన డ్రిల్లు. రూట్ కెనాల్ అయ్యాక క్యాపు వేయని పళ్ళు, వేసినవాటికన్నా 6 రెట్ల వేగంతో పోయాయని 2002లో ఆక్విలినో, కాప్లన్ లెక్క తేల్చారు.

నిజంగా డబ్బులేనివాణ్ణి అనడంలేదు. చెన్నై ప్రభుత్వ దంత కళాశాలకు వెళ్ళిన ప్రతిసారీ అతనికి ఓ రోజు కూలి పోతుంది.

క్లినిక్కు మహానుభావులూ తక్కువేం కాదు. చిన్న రంధ్రం తప్ప అంతా గట్టిగా ఉన్న ముందు పన్నుకు ఫిల్లింగ్ చాలు. దానికీ క్యాపు తొడుగుతారు. "పోస్ట్ వేస్తే పన్ను ఇనుమే" అంటారు. పోస్ట్ అంటే వేరులో దింపే కడ్డీ; అది పైనున్న సిమెంటు దిమ్మను పట్టుకుంటుందంతే. దానికోసం వేరును ఇంకాస్త తొలిచి బలహీనం చేస్తారు. క్యాపు నిలవాలంటే చిగురుపైన చుట్టూ ఓ 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. ఆ సంగతి చెప్పరు. జిర్కోనియా క్యాపుకు వారంటీ కార్డు మాత్రం లామినేషన్ చేసిస్తారు. కింది పన్నుకు వారంటీ ఎవరిచ్చారు?

మన శూరుడు ఇప్పుడు ఇంప్లాంటుకు ఈఎమ్ఐ కడుతున్నాడు. మరమేకు బిగించిన రోజే అడిగాడట: "దీనికీ క్యాపు వెయ్యాల్నా సార్?"