మోడల్ మామ

కొత్త అల్లుడు కారేసుకొని వాకిట్లో దిగితే అత్తగారు అల్లుడి మొహం చూస్తుంది. పిల్లలు స్వీటు డబ్బా చూస్తారు. మోడల్ మామ నంబరు ప్లేటు చూస్తాడు. "ఏపీ 24. అంటే తెలంగాణ రాకముందు బండి. ఎన్నో మోడల్ అల్లుడూ?" అంటాడు. బాగున్నవా, ఇంట్ల అందరు మంచిగున్నరా అన్నవి నాలుగు టైర్లూ చూసొచ్చాక.

ఈయన ఇల్లు సూర్యాపేటలో, అత్తగారిల్లు కోదాడలో, రావలసిన బాకీలు మిర్యాలగూడలో. అందుకని మూడు ఊళ్లలోనూ కనిపిస్తాడు. మీది నకిరేకల్లో హుజూర్‌నగరో అయితే మీకూ ఒకాయన ఉండే ఉంటాడు. పేరుకు ఎరువుల దుకాణం ఉంది, అది కొడుకు నడుపుతాడు. మామ మెకానిక్ కాదు, బ్రోకరూ కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు సలహా చెబుతాడు, పైసా తీసుకోడు. అదే ప్రమాదం. కమీషన్ తీసుకునేవాడికి బేరం తెగాలని ఉంటుంది. మామకు తెగకూడదని ఉంటుంది. తెగితే ఆ ఇంట్లో రేపటి నుంచి చాయ్ ఎవరు పోస్తారు?

ఆయన మనసులో చోటున్నది ఒక్క మారుతీకే. అందులోనూ స్విఫ్ట్‌కు, డిక్కీ ఉన్న డిజైర్‌కు. మిగతా కంపెనీల సంగతి ఎత్తితే "అవి గూడ బండ్లే" అంటాడు, ఎంతో పెద్దమనసుతో.

స్విఫ్ట్ చరిత్ర ఆయనకు నోటికొచ్చు. 2005 మేలో 1.3 పెట్రోల్ ఇంజన్‌తో వచ్చింది. 2007 మొదట్లో డీజిల్. ఆ 1248 సీసీ ఇంజన్ అసలు ఫియట్ వాళ్లది, లైసెన్సు తీసుకొని ఇక్కడే తయారుచేశారు. ఫియట్, టాటా, మారుతీ మూడింటి బానెట్ల కిందా అదే ఉండేది. 2008లో డిజైర్. 2010లో పెట్రోల్ బండికి 1.2 కే సిరీస్ ఇంజన్. 2011 ఆగస్టులో స్విఫ్ట్ ఒళ్లు మారింది, 2018 ఫిబ్రవరిలో మళ్లీ మారింది, 2024 మేలో మరోసారి. ఇంతవరకు తప్పులేదు, పుస్తకం చూసి సరిచూసుకోవచ్చు. తంటా అంతా ఆయన సంవత్సరం దాటి నెలల్లోకి దిగినప్పుడే.

"2011 సెప్టెంబర్ బండి అయితే దండం పెట్టి వదిలెయ్" అంటాడు. ఎందుకు మామా అంటే, ఆ ఏడు జూన్ నుంచి అక్టోబర్ దాకా హర్యానాలోని మనేసర్ ప్లాంటులో సమ్మెలు, లాకౌట్లు. అప్పట్లో స్విఫ్ట్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. "కోపంల ఉన్నోడు బిగించిన బోల్టు అల్లుడూ, ఎట్లుంటదో నువ్వే చెప్పు." వినేవాడికి నిజమే కదా అనిపిస్తుంది. సూర్యాపేట చాయ్ హోటల్లో కూర్చొని మనేసర్ బోల్టు బిగువు చెప్పగలిగినవాణ్ని కాదనడం ఎవరి తరం? కాకపోతే అదే నెల బండిని తమ్ముడి బామ్మర్ది అమ్ముకుంటున్నప్పుడు మామ వాక్కు వేరే. "సమ్మె అయినంక కంపెనీ భయపడ్డది. ఒక్కో బండి రెండుసార్లు చెక్ చేసి పంపిన్రు. గసొంటిది మళ్ల దొరకదు." ఏ సంవత్సరం మంచిదన్నది కొనేవైపు కూర్చున్నామా, అమ్మేవైపు కూర్చున్నామా అన్నదాన్ని బట్టి ఉంటుందని మా ఊరి బ్రోకర్లకు ఎప్పటినుంచో తెలుసు. మామ దానికి శాస్త్రం కలిపాడు, అంతే.

కొత్త మోడల్ వచ్చిన ఏడు కొనకూడదన్నది ఆయన మొదటి సూత్రం. దీనికి ఆధారం ఉంది. 2017 డిసెంబర్ 1 నుంచి 2018 మార్చి 16 దాకా తయారైన స్విఫ్ట్, బాలెనో కార్లు 52,686 మారుతీ వెనక్కి పిలిచి, బ్రేకు వాక్యూం గొట్టం చూసి, అవసరమైతే ఉచితంగా మార్చి ఇచ్చింది. పేపర్లో వచ్చిన ఆ వార్తను మామ కత్తిరించి లామినేషన్ చేయించాడు. పాన్ కార్డు పక్కన పెట్టుకున్నాడు. 2014 అక్టోబర్‌లో డీజిల్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ కలిపి 69,555 బండ్లను వైరింగ్ చూడ్డానికి పిలిచిన వార్త కూడా పేపర్లోనే వచ్చింది. అది ఆయన మెచ్చిన పాత మోడళ్ల సంగతి. దాన్ని కత్తిరించలేదు. కంపెనీ పిలిచి సరిచేసిన బండికి ఆ జబ్బు ఇక లేనట్టే కదా మామా అని అడిగితే, "పేరు పడ్డది గద" అంటాడు.

షీటు సంగతి మరీ విచిత్రం. మామ ఏ కారైనా డోరు మీద మధ్యవేలితో రెండు దెబ్బలు కొట్టి, తల వంచి వింటాడు. పాత స్విఫ్ట్ "ధన్" అంటుందట, 2018 తర్వాతది "టక్" అంటుందట. 2018 బండి బరువు తగ్గిన మాట నిజమే. కానీ గట్టిదనం వేలికి వినిపించేది కాదు. ధన్ అనే కాలపు స్విఫ్ట్‌నే, ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని, 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గోడకు కొట్టి చూసి సున్నా స్టార్లు ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 2024లో, కొత్త డిజైర్‌కు అదే సంస్థ అయిదు ఇచ్చింది. ఈ లెక్క చెబితే మామ తన వేలు చూసుకున్నాడు. "వాళ్లు ఒక్క బండిని కొట్టి చెప్పిన్రు. నేను ఎన్ని బండ్లను కొట్టిన్నో తెల్సా?"

సూర్యాపేటలో ఆయన మకాం హైవే పక్క హోటలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు సగం దారిలో ఇక్కడ ఆగి ఇడ్లీ తినడం పాత అలవాటు. వాళ్లు తింటుంటే మామ వాళ్ల కార్లను చూస్తాడు. కొర్లపహాడ్ టోలు దాటి ఎంత వేడెక్కి వచ్చాయో బానెట్ మీద చెయ్యిపెట్టి చూస్తాడు. సొంతదారు బయటికొచ్చి "ఏంది సార్?" అంటే, "2016 గదా? ఏసీ చల్లగ వస్తుందా?" అని అడుగుతాడు. ఆ మనిషి విజయవాడ దాకా ఏసీ మీదే ధ్యాస పెట్టి పోతాడు. ఈ హైవే గురించీ ఒక సిద్ధాంతం ఉంది. 2012లో రోడ్డు నాలుగు వరుసలైంది కాబట్టి, అంతకుముందు బండ్లు పాత రోడ్డు గుంతల్లో తిరిగి నడుము పోగొట్టుకున్నాయట, తర్వాతవి అతివేగంతో ఇంజన్ పోగొట్టుకున్నాయట. అయితే కొనాల్సింది ఏది మామా? "గదే ఆలోచిస్తున్న."

కోదాడ చేరేసరికి ఆయన మెకానిక్ నుంచి వకీలుగా మారతాడు. అక్కడ మోడల్ ఒక్కటే చాలదు, బండి ఏ రాష్ట్రానిదో తేలాలి. గరికపాడు చెక్‌పోస్టు అవతలి బండి వియ్యాలవారిదైనా పరాయి రాష్ట్రం బండే. ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఏపీ 24, టీఎస్ 05, జిల్లాలు విడిపోయాక టీఎస్ 29, 2024 మార్చి నుంచి టీజీ. ప్లేటు చూసి బండి వయసు చెప్పడం మామకు వేళ్ల మీది లెక్క. పైగా ఢిల్లీ బండ్లు. అక్కడ డీజిల్ కారుకు పదేళ్లే ఆయుష్షు అన్న నిబంధన ఉండేది గనక తొమ్మిదో ఏట అవి చవగ్గా దక్షిణాదికి దిగేవి. "ఢిల్లీ డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్" అంటాడు అమ్మేవాడు. నాకు అర్థంకానిది ఇదొక్కటి. ఈ దేశంలో అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ డాక్టరుదో బ్యాంకు మేనేజరుదో అయితే, మిగిలిన మనం ఇన్నాళ్లూ వేటిలో తిరిగాం?

ఇక్కడ మామకు మార్కులు వెయ్యక తప్పదు. ఆయన ఉత్త మాటకారి కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడ మీద పడ్డాక, అటునుంచి వచ్చే ఏ కారెక్కినా ముందు సీటు బెల్టు చివరిదాకా లాగేవాడు. లోపలి బెల్టు మీద బురద చార కనిపిస్తే మాటల్లేకుండా దిగిపోయేవాడు. డోరు రబ్బరు బీడింగ్ ఊడదీసి కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూస్తాడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత కొడుతుందో చూస్తాడు. మీటరు 62 వేలు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు వంక చూసి, "మీటరు తిప్పిన్రు. రబ్బరు తిప్పుడు మర్చిపోయిన్రు" అంటాడు. ఈ కళ్లతో ఆగితే ఆయన చాలా పెద్దమనిషి అయ్యేవాడు.

ఆగడు. ఎందుకంటే హోటల్లో లేనప్పుడు ఆయన పొద్దు గడిపేది మెకానిక్ షెడ్డులో. బాగున్న బండి షెడ్డుకు రాదు, వచ్చినా ఆయిల్ మార్చుకొని పోతుంది. షెడ్డులో 2013లు నాలుగు పడి ఉంటే ఆ వారం "2013 దండగ మోడల్" అయిపోతుంది. రోడ్డు మీద 2013లు ఎన్ని నడుస్తున్నాయో లెక్క ఎవరు పెట్టారు? ఆ నాలుగింటిలో రెండు పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్ పాతికవేలకు కూడా మార్చనివి. పక్కనే ట్రావెల్స్ డిజైర్, అదే సంవత్సరం, అదే ఇంజన్, డ్రైవరు వేళకు ఆయిల్ పోయిస్తాడు గనక లక్షల కిలోమీటర్లు తిరిగి ఇంకా శంషాబాద్‌కు సవారీలు కొడుతోంది. ఇది చెబితే మామ ఒప్పుకుంటాడు. ఒప్పుకొని, "గని 2013 గద" అంటాడు.

మిర్యాలగూడలో మాత్రం ఆయన ఆటలు సాగవు. అక్కడ రైస్ మిల్లు సేటు ఒకాయన, వడ్లలో తేమ పదిహేడు శాతం దాటితే గింజను పంటికింద వేసుకొని చెప్పగలిగినవాడు, కొడుక్కు కారు కొనాలనుకొని మామను పిలిచాడు. మామ వెళ్లి మధ్యాహ్నం దాకా చెప్పాడు. 2020 మార్చితో మారుతీ డీజిల్ ఆగిపోయింది కాబట్టి చివరి డీజిల్ ఎందుకు బంగారమో, 2024 స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్లు పోయి మూడే ఎందుకు మిగిలాయో, మూడు సిలిండర్లంటే ఆటోకు అన్నవరస ఎట్లా అవుతుందో. సేటు ఓపికగా విని తేమ మీటరు పక్కకు జరిపాడు.

"మామా, బీపీటీ 5204 బాపట్లోళ్లు 1986ల ఇడిసిండ్రు. ఇయ్యాల్టికి గూడ మనం తినేది అదే. పళ్లెంల అన్నం చూసి ఎన్నో మోడల్ అని ఎవడన్న అడిగిండా?"

మామ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మారుతీ 800కు కొత్త బాడీ వచ్చింది గూడ 86లనే. 86 మంచి మోడల్" అని లేచాడు. బాకీ అడగడం మర్చిపోయాడట.

ఈ మనిషి జీవితంలో అసలైన కష్టం కోదాడలో, ఖమ్మం క్రాస్‌రోడ్డుకు కాస్త అవతల, మరదలి ఇంటి ముందు ఆగి ఉంటుంది. ఆవిడ బడి పంతులమ్మ. మామను ఒక్క మాట అడక్కుండా సెకండ్ హ్యాండ్‌లో తెల్ల స్విఫ్ట్ డీజిల్ కొన్నది. ఎందుకమ్మా అంటే, తెలుపు నచ్చిందని. మామ ఆర్‌సీ అడిగి తీసుకొని తయారైన నెల చూశాడు. 2011 సెప్టెంబర్. కార్డు తిప్పి మళ్లీ చూశాడు, వెనక వేరే నెల ఉంటుందేమోనని.

అప్పటినుంచి ఆ కారు చెడిపోలేదు. క్లచ్ పోలేదు, టర్బో పోలేదు, గుంతలో పడితే సస్పెన్షన్ కూడా మూలగలేదు. ఆవిడకు ఇంజన్ గురించి తెలిసింది ఒక్కటే, చెప్పిన తేదీకి సర్వీసుకు పంపడం. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు అదే కారులో, సామాన్లతో, చుట్టాలతో వచ్చింది. మామ ముందు సీటులో కూర్చొని దారంతా చెవి డాష్‌బోర్డుకు పెట్టాడు. పండక్కి పోయినా, పెళ్లికి పోయినా ఆయన అడిగేది అదే. "ఏమన్న సౌండ్ వస్తుందా?" రావట్లేదంటే అన్నం సయించదు. అక్కకు ఇది తెలుసు. "పోనీ ఒక్కసారి వస్తుందని చెప్పవే, ఆయన బీపీ దిగుతది" అని చెల్లెల్ని బతిమాలిందట.

మొన్న మళ్లీ వెళ్లాడు. బానెట్ తీయించాడు, ఆయిల్ మూత తీశాడు, పొగ లేదు. మూత బిగించి, చేతులు తుడుచుకొని, మెట్ల మీద కూర్చొని లెక్క వేశాడు.

"2026ల పదిహేనేండ్లు నిండుతయ్. రిజిస్ట్రేషన్ మళ్ల చేయించాలె. ఫిట్‌నెస్‌కు ఆర్టీవో ఆఫీసుకు తీస్కపోవాల్సిందే. అక్కడ తెలుస్తది అసలు సంగతి."

"తీస్కపోత" అంది మరదలు, చాయ్ గ్లాసు అందిస్తూ. "ఆ రోజు నువ్వు గూడ రా బావా. ఇద్దరికి ఒక్కసారే చేయిస్త."