రెండు సాకెట్ల కత్తిని మోసిన పెట్టె

తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ కంప్యూటర్ "నేను" అనదు. అలా అనడానికి లోపల మొదటి నుంచీ ఉన్న భాగం ఒక్కటీ లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడివిడిగా కొని బిగించిన పెట్టె ఇది. తర్వాత ర్యామ్ మారింది, మదర్‌బోర్డు మారింది, దాంతోపాటే ప్రాసెసర్ మారింది, హార్డ్ డిస్కు మారింది, ఎస్‌ఎంపీఎస్ కూడా మారింది. మిగిలింది రేకు క్యాబినెట్ ఒక్కటే. అయినా వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో దీన్ని వాడినవాళ్లందరూ ఇది ఆ పెట్టేనని గుర్తుపట్టారు. ఇక్కడ చెప్పేది రెండు వస్తువులకు జరిగిన మార్పుల సంగతి. ఒకటి ఈ పెట్టె, రెండోది దీని లోపల నడిచిన ఆటలోని ఒక కత్తి.

పెంటియం-4 రోజుల్లో ఇది వనపర్తిలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు చేరింది. ఆ ఊళ్లో సంస్థానాధీశుల కోటలోనే పాలిటెక్నిక్ కళాశాల నడిచేది. 1959లో నెహ్రూ ప్రారంభించిన కళాశాల అది. సాయంత్రమైతే అక్కడి విద్యార్థులు వరసగా వచ్చి కూర్చునేవారు. పరీక్షల ఫలితాలు, హాల్‌టికెట్లు, మెయిల్ పని అయ్యాక మిగిలిన సమయమంతా ఆటలకే. ఎక్కువమంది కార్ల పందేలో, తుపాకుల ఆటలో ఆడేవారు. మెకానికల్ బ్రాంచి కుర్రాడొకడు మాత్రం ఈ పెట్టె ముందే కూర్చుని "డయాబ్లో 2" తెరిచేవాడు.

ఆ ఆట 2000 జూన్‌లో వచ్చింది. మరుసటి ఏడాది "లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్" అనే అదనపు భాగం విడుదలైంది. దానికి ముందు, 1996 చివరలో వచ్చిన మొదటి డయాబ్లో సంగతి చెప్పుకోవాలి. దాన్ని తీర్చిదిద్దిన డేవిడ్ బ్రెవిక్ మొదట చదరంగంలో లాగా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆటగా అనుకున్నాడు. తోటివాళ్లు ఒత్తిడి చేస్తే, ఒక్క మధ్యాహ్నంలో కోడ్ మార్చి, క్లిక్ చేయగానే దెబ్బ పడేలా చేశాడు. యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో చాలావాటికి ఆ మధ్యాహ్నమే దారి వేసింది. పాత్రకు స్థాయిలు పెరగడం, సామగ్రి పోగవడం అంతకుముందూ ఉన్నవే. చేతిలో ఆయుధం మారగానే తర్వాతి క్షణంలోనే తేడా తెలియడం మాత్రం ఇందులోని ప్రత్యేకత.

డయాబ్లో 2లో కత్తికి ఒక విలువ పెరిగితే అది అంకెగానే మిగిలిపోదు. వేగం పెరిగిన కత్తి నిజంగానే వేగంగా ఊగుతుంది. కత్తిలో కెంపు పొదిగితే దెబ్బకు నిప్పు తోడవుతుంది. అదే కెంపును శిరస్త్రాణంలో పొదిగితే ప్రాణబలం పెరుగుతుంది, డాలులో పొదిగితే మంట నుంచి రక్షణ ఇస్తుంది. రాయి ఒక్కటే, చోటును బట్టి గుణం మారుతుంది. ఆ కుర్రాడు నోట్‌బుక్ వెనక పేజీల్లో ఇదంతా పట్టికలు గీసుకునేవాడు. క్లాసులో లోహాల గట్టిదనం గురించి చెప్పిన పాఠం ముందు పేజీల్లో, కెంపులూ నీలాలూ వెనక పేజీల్లో.

ఈ ఆటలో హొరాడ్రిక్ క్యూబ్ అని ఒక చిన్న పేటిక ఉంటుంది. సంచిలో అది నాలుగు గళ్లే ఆక్రమిస్తుంది, లోపల మాత్రం పన్నెండు గళ్ల సామాను పడుతుంది. ఒకే రకం, ఒకే నాణ్యత ఉన్న రత్నాలు మూడు వేసి మీట నొక్కితే పై నాణ్యత రత్నం ఒకటి వస్తుంది. నాణ్యతలు అయిదు. అంటే అన్నిటికన్నా తక్కువ రకం ముక్కల నుంచి మొదలుపెట్టి అన్నిటికన్నా పై రకం ఒక్కటి చేయాలంటే 81 ముక్కలు కావాలి. కుర్రాడు ఆ లెక్క వేశాక కాసేపు ఊరుకున్నాడు. తర్వాత రాళ్లు ఏరడం మానేసి రూన్ల వైపు తిరిగాడు.

రూన్ అంటే అక్షరం చెక్కిన చిన్న రాయి. ఎల్ నుంచి జాడ్ వరకు మొత్తం 33. వాటిని సాకెట్లు, అంటే పొదిగే గుంటలు, ఉన్న ఆయుధంలో వరస తప్పకుండా పొదిగితే ఆ వరస ఒక పదమవుతుంది, ఆయుధానికి కొత్త పేరూ కొత్త గుణాలూ వస్తాయి. రెండు సాకెట్ల కత్తిలో ముందు టిర్, తర్వాత ఎల్ పెడితే అది "స్టీల్" అవుతుంది. దెబ్బ వేగం 25 శాతం పెరుగుతుంది, గాయం తెరుచుకుని రక్తం కారే అవకాశం సగానికి సగం ఉంటుంది, చంపిన ప్రతి శత్రువుకూ కొంచెం మంత్రశక్తి తిరిగి వస్తుంది. ముందు ఎల్, తర్వాత టిర్ పెడితే పదం ఏర్పడదు. అప్పటికే మాయాగుణం ఉన్న నీలిరంగు పేరు కత్తిలో పెట్టినా ఏర్పడదు. ఏ మాయాగుణమూ లేని మామూలు కత్తే కావాలి, దానికి సరిగ్గా రెండే సాకెట్లుండాలి.

ఇక్కడే ఈ ఆట గొప్పదనం కనిపిస్తుంది. ఆటలో మొదటి గంటలో పారేసే సాదా కత్తికి సాకెట్లుంటే, అది మెరిసే మాయాకత్తి కన్నా విలువైనదవుతుంది. ఏది ఇప్పటికే బలంగా ఉంది అని కాదు, దేన్ని ఎలా మలచవచ్చు అని చూడడం నేర్పింది ఆ పద్ధతి. పక్క సీట్ల కుర్రాళ్లు నీలిరంగు కత్తులు ఏరుకుంటుంటే ఇతను గోదాములో సాదా కత్తులు దాచేవాడు.

ఒకసారి పెట్టిన రూన్‌ను బయటికి తీసే వీలు లేదు. హెల్ అనే రూన్‌తో ఖాళీ చేసే ఉపాయం ఒకటుంది, కానీ అప్పుడు పొదిగినవన్నీ నాశనమవుతాయి. అందుకే టిర్ దొరికాక కూడా కుర్రాడు చాలా సాయంత్రాలు దాన్ని పెట్టకుండా సంచిలో మోశాడు. పక్కవాడు "ఇంకెన్ని దినాలు మోస్తవ్‌రా, పెట్టెయ్ రాదు" అంటే, "మంచి కత్తి దొరకనీ" అనేవాడు. దొరికింది. టిర్, ఎల్. తెరమీద పేరు బంగారు రంగులోకి మారింది. సెంటర్‌లో మరో నలుగురు లేచి వచ్చి చూశారు.

ఆ కత్తి ఈ పెట్టె హార్డ్ డిస్కులో ఉండేది. పాత్ర మొత్తం, వాడి బలం, సంచిలోని ప్రతి వస్తువు, ఏ సాకెట్‌లో ఏ రూన్ ఉందన్నదీ కలిపి కొన్ని కిలోబైట్ల ఫైలు. కుర్రాడు దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు, ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా.

పెట్టెకు జరిగిన మార్పుల్లో మొదటిది ఈ ఆట పుణ్యమే. మొదట్లో డయాబ్లో 2 తెర 640 x 480 చుక్కలే. అదనపు భాగం 800 x 600కు పెంచింది. ఆటకు 32 ఎంబీ ర్యామ్ ఉంటే చాలని అట్టపెట్టె మీద రాసి ఉన్నా, వెనక నాలుగు కిటికీలు తెరిచి ఉన్న సెంటర్ కంప్యూటర్‌కు అది ఏమూలకూ సరిపోదు. శత్రువుల గుంపు వచ్చినప్పుడల్లా తెర బిగుసుకుపోయేది. "అన్నా, ర్యామ్ జర పెంచరాదే" అని కుర్రాళ్లు సెంటర్ నడిపే ఆయన వెంట పడ్డారు. ఆయన హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక ర్యామ్ స్టిక్ తెచ్చి, మూత తెరిచి, ఖాళీ స్లాట్‌లో నొక్కాడు. మెకానికల్ కుర్రాడు పక్కన నిలబడి టార్చి పట్టాడు. స్లాట్ మధ్యలో గాడి ఒక వైపుకు జరిగి ఎందుకుంటుందో ఆరోజు తెలుసుకున్నాడు. తిరగేసి పెట్టినా, వేరే తరం ర్యామ్ పెట్టినా కూర్చోకుండా ఉండడానికే అది. ఏ సాకెట్‌లో ఏది పడుతుందన్న ప్రశ్న తెరకు ఇవతల కూడా ఉందని గమనించిన కళ్లు అవి.

సెంటర్ మూతపడ్డాక ఈ పెట్టె సెకండ్ హ్యాండ్‌లో గద్వాల చేరింది. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ సీమలో ఒక చేనేత కుటుంబం వాళ్ల ఇంట్లో, మగ్గం గుంతకు ఎదురుగా గోడవారన దీన్ని పెట్టారు. పాత హార్డ్ డిస్కు అప్పటికే శబ్దం చేస్తుంటే తీసి కొత్తది వేశారు. పాతదాన్ని ఆ ఇంటి పెద్ద కొడుకు పారేయకుండా గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.

అక్కడ ఈ పెట్టె చూసిన సామగ్రి మార్పులు ఏ ఆటలోనూ లేవు. గద్వాల చీరకు నడిమి భాగం నూలు, అంచులూ కొంగూ పట్టు, జరీ. ఎడమ అంచుకో నాడె, కుడి అంచుకో నాడె, నడిమికి మరో నాడె. ప్రతి పేకకూ అంచు దారం, నడిమి దారం ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే కనిపెట్టిన ఎగిరే నాడె ప్రపంచంలో ఎన్నో మగ్గాల వేగాన్ని మార్చేసింది. తాడు లాగితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపులో వెళ్తుంది. మూడు నాడెల అంచుకు మాత్రం అది పనికిరాదు, కలిసే చోట చేయి ఆగాలి. కాబట్టి నేతగాళ్లు ఆ మార్పు తీసుకోలేదు. మగ్గం పైన జాకార్డ్‌ను మాత్రం తీసుకున్నారు. 1804లో ఫ్రాన్సులోని లియోన్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ చూపించిన పద్ధతి అది. అట్ట మీద రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద కొత్త బొమ్మ కావాలంటే మగ్గం మార్చనక్కర్లేదు, అట్టల దండ మారిస్తే చాలు. తర్వాత లెక్కల యంత్రాలకు దారి చూపిన అట్టలు అవే. గద్వాల ఇంట్లో ఈ పెట్టె తన తాతల్ని మగ్గం మీద వేలాడుతుండగా చూసింది.

ఏ మార్పు తీసుకోవాలి, ఏది వద్దనాలి అన్నది పని తెలిసిన చేతికే తెలుస్తుంది. ఆ ఇంటి తల్లి కొడుకుతో అన్న మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. "కొత్తది వచ్చిందని పెట్టుకుంటామా బిడ్డా, మన అంచుకు పడితే పెట్టుకుంటం."

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలయ్యాయి. మరుసటి ఏడాది హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో "అసుర" అనే యాక్షన్ ఆటను విడుదల చేసింది. మన పురాణాల వాసన ఉన్న ఆట, ప్రతిసారీ నైపుణ్యాల చెట్టు కొత్తగా మొలుస్తుంది. ఆ ఏడాదే ఈ పెట్టె మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి, స్విచ్ వేసినా వెలగలేదు. గద్వాల కుర్రాడు, ఆ ఇంటి పెద్ద కొడుకే, నాగర్‌కర్నూల్‌లో ఒక రిపేరు దుకాణంలో పనికి కుదిరి, దీన్ని వెంట తీసుకెళ్లాడు. పాత బోర్డు తీసేసి, మరో చోట దొరికిన బోర్డూ ప్రాసెసరూ వేశాడు. డయాబ్లో 2లో ఎథీరియల్ రకం ఆయుధాలుంటాయి. మామూలు దాని కన్నా సగం ఎక్కువ బలం, కానీ అరిగితే కమ్మరి బాగు చేయలేడు. ఈ పెట్టె ఆ రకం కాదు. తెరిచి, విప్పి, మార్చగలిగినందుకే ఇంకా ఉంది.

ఆ దుకాణంలో బల్ల నిండా ఫోన్లే. కొన్నిటిలో 2022లో వచ్చిన "డయాబ్లో ఇమ్మోర్టల్" ఉండేది. అందులో ఆయుధాన్ని పెంచే అరుదైన రత్నాలు డబ్బు పెట్టే కొద్దీ ఎక్కువ దొరుకుతాయి. బెల్జియం, నెదర్లాండ్స్‌లో అక్కడి చట్టాల వల్ల ఆ ఆటను విడుదలే చేయలేదు. అంతకుముందు 2012లో వచ్చిన డయాబ్లో 3లో అసలు డబ్బుతో ఆయుధాలు కొని అమ్ముకునే వేలం కూడా పెట్టారు. శత్రువును ఓడించి సామగ్రి సంపాదించే ఆనందాన్ని అది దెబ్బతీస్తోందని తయారీదారులే ఒప్పుకుని 2014 మార్చిలో మూసేశారు. వాళ్లు చేసింది సరైన పని. కొనుక్కున్న కత్తికి పదును ఉంటుంది, దాన్ని ఎందుకు అలా పొదిగారో చెప్పే మనిషి ఉండడు. వనపర్తి కుర్రాడు టిర్‌ను మోసుకు తిరిగిన సాయంత్రాల విలువ ఏ దుకాణమూ అమ్మలేదు.

2021 సెప్టెంబరులో "డయాబ్లో 2 రిసరెక్టెడ్" వచ్చింది. బొమ్మలన్నీ కొత్తగా గీసి, లోపలి లెక్కలు పాతవే ఉంచారు. పాత ఆటలో ఒంటరిగా ఆడి దాచుకున్న పాత్ర ఫైళ్లను కూడా తెరవగలిగేలా ఉంది అది. ఈ సంగతి తెలిసి వనపర్తి కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, తన ఫ్లాపీ చదవలేని స్థితిలో ఉండడంతో పాత పెట్టె ఎక్కడుందో ఆరా తీస్తూ నాగర్‌కర్నూల్ వచ్చాడు. గద్వాల కుర్రాడు అటక మీది హార్డ్ డిస్కు తెప్పించి, అడాప్టరుతో తగిలించి, ఆ కొన్ని కిలోబైట్ల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీశాడు. పాత్ర పాలడిన్ అనే యోధుడు. చేతిలో స్టీల్.

కొత్త ఆటను నడిపే శక్తి ఈ పెట్టెకు లేదు. ఆయన లాప్‌టాప్‌లోనే తెరిచాడు. రెండో స్థాయి కష్టానికి స్టీల్ చాలదు, ఇంకో కత్తి కావాలి. నాలుగు సాకెట్ల కత్తిలో టాల్, థుల్, ఆర్ట్, ఆమ్న్ వరసగా పొదిగితే "స్పిరిట్" అవుతుంది, నైపుణ్యాలన్నీ రెండేసి మెట్లు పెరుగుతాయి. పాత ఆటలో దాన్ని లాడర్ అనే ఆన్‌లైన్ పోటీలో ఆడేవాళ్లే చేసుకోగలిగేవారు. వనపర్తిలో అప్పటి డయల్-అప్ లైను మీద అది అయ్యే పని కాదు. రిసరెక్టెడ్‌లో ఒంటరిగా ఆడేవాళ్లకూ ఆ అవకాశం ఇచ్చారు. టాల్, థుల్, ఆర్ట్ దొరికాయని మొన్న ఫోన్‌లో చెప్పాడట. ఆమ్న్ దొరకకపోతే, ఇంకో మూడు థుల్ రూన్లూ అన్నిటికన్నా తక్కువ రకం పుష్యరాగం ఒకటీ క్యూబ్‌లో వేసి తయారు చేసుకుంటాడు. పుష్యరాగం ఉంది, థుల్‌లే వెతుకుతున్నాడు.